నాలుగో అంతస్తు నిద్ర

ఫిబ్రవరి 3, సోమవారం

ఈ డైరీ మా ఆవిడ చదవదు. చదివినా చదివినట్టు ఒప్పుకోదు. కాబట్టి ఇక్కడ నిజం రాసుకోవచ్చు. మా అక్క పాఠం చెబితే నిద్ర వస్తుంది.

ఈ మాట పైకి అనలేదు, అనను కూడా. అక్క పాతికేళ్లు ఇంటిపట్టున ఉండి, పిల్లలు ఎవరి దారిన వాళ్లు వెళ్లాక, యాభై దాటిన వయసులో ధైర్యం కూడగట్టుకుని పోటీ పరీక్షలకు చదివేవాళ్లకు భూగోళం చెబుతోంది. అదీ నేను చూసుకునే బిల్డింగులోనే, నాలుగో అంతస్తులో. ఆ గది ఇప్పించింది నేనే. నలభై కుర్చీలూ నిండాయి. నిండిన కుర్చీల్లో సగం తూగుతున్నాయి.

ఈరోజు క్లాసు ముగించుకుని కిందికి నా గదికి వచ్చింది. వేళ్ల నిండా సుద్ద.

"ఒరేయ్, ఇవాళ కూడా పడుకున్నార్రా."

"ఎంతమంది?"

"పడుకున్నవాళ్లని లెక్కపెట్టలేదు. మేలుకున్నవాళ్లని లెక్కపెట్టాను. అదే తేలిగ్గా ఉంది."

నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఆమె ముఖంలో ఎక్కువసేపు నిలవలేదు. మంచినీళ్లు తాగి, గ్లాసు బోర్లించి వెళ్లిపోయింది.

ఇంకో సంగతి. బిల్డింగుల తనిఖీవాళ్ల దగ్గర్నుంచి కబురు. పాత బిల్డింగుల్లోకి బయటి గాలి మనిషికి సరిపడా వస్తోందో లేదో కొలుస్తారట. మా ఓనరును అందరం పెద్దాయన అంటాం. ఆయన ఆ సంగతి నా నెత్తిన పెట్టి "చూడు" అన్నారు. చూడ్డానికేముంది? తొమ్మిదేళ్లుగా చూస్తూనే ఉన్నాను. తెరుచుకోని కిటికీ అద్దాల్లో సందు లేదు, ఏసీ ఆగదు, మండుటెండలో బయటినుంచి వచ్చినవాడికి ఒళ్లు జిల్లుమంటుంది. గాలి బాగానే ఉంది.

ఫిబ్రవరి 4

ఇవాళ ముందు వరుసలో కూడా పడుకున్నారట. నేను నవ్వలేదు. కొంచెం నవ్వాను.

ఫిబ్రవరి 6, గురువారం

అక్క పట్టుబట్టింది. "ఒక్కసారి వచ్చి వెనక కూర్చో. నేను చేసే తప్పేమిటో చూసి చెప్పు. బయటివాళ్లు చెప్తే బాధేస్తుంది, నువ్వు చెప్తే తిట్టుకుంటాను, సరిపోతుంది."

మధ్యాహ్నం భోజనమయ్యాక వెళ్లాను. చివరి వరుసలో గోడ పక్క కుర్చీ. అక్క బోర్డు మీద సముద్రం గీసింది, నేల గీసింది, బాణాలు వేసింది. నేల త్వరగా వేడెక్కుతుంది, సముద్రం నెమ్మదిగా వేడెక్కుతుంది, వేడెక్కిన గాలి తేలికై పైకి లేస్తుంది, ఆ చోటికి చల్లగాలి వస్తుంది. చక్కగా చెబుతోంది. నిజంగానే చక్కగా చెబుతోంది అనుకున్నాను. ఆ అనుకోవడం వరకూ నాకు గుర్తుంది.

కుర్చీలు జరిపిన చప్పుడుకి కళ్లు తెరిచాను. క్లాసు అయిపోయింది. గది ఖాళీ. అక్క బోర్డు తుడుస్తోంది, నావైపు వీపు పెట్టి.

"ఎలా ఉందిరా?"

"బాగుంది. గొంతు కొంచెం పెంచు. అంతే."

"ఎక్కడ దాకా విన్నావు?"

"అంతా విన్నాను."

"చివర్లో ఏం చెప్పాను?"

"గాలుల గురించి."

ఆ రోజంతా చెప్పింది గాలుల గురించే. కాబట్టి అబద్ధం కాదు.

ఫిబ్రవరి 8

అక్క కళ్లజోడు మా ఇంట్లో మరిచిపోతే మా ఆవిడ క్లాసుకు పట్టుకెళ్లింది. పాఠం మధ్యలో ఆపడం ఎందుకని తలుపు దగ్గర కుర్చీలో కూర్చుందట. తిరిగొచ్చేసరికి ముఖం మీద చున్నీ ముద్ర.

"నువ్వూనా?" అన్నాను. ఎవరో తోడు దొరికినట్టు సంతోషమేసింది.

"ఆగండి. వదిన నాతో ఫోన్లో గంటలు గంటలు మాట్లాడుతుంది. నేనొక్కసారైనా ఆవలించానా?"

"అవి కబుర్లు. ఇది భూగోళం."

"కబుర్లలో ఆవిడ చెప్పేది కూడా భూగోళమే. ఎవరెక్కడికి వెళ్లారు, ఎవరెక్కడ ఇల్లు కట్టారు. నాకు నిద్ర రాదే! ఆ గదిలోనే ఏదో ఉంది."

"గదిలో ఏమీ లేదు."

"అదే నేననేది. ఏమీ లేదు. తలుపు తీసి లోపలికెళ్తే దుప్పటి ముసుగేసుకున్నట్టుంది."

తొమ్మిదేళ్లుగా ఏసీలూ పంపులూ లిఫ్టులూ చూసుకుంటున్న మనిషిని నేను. కళ్లజోడు ఇచ్చిరావడానికి వెళ్లిన మనిషి ఆవిడ. ఎవరి మాట వినాలో వేరే చెప్పాలా? గాలి బాగానే ఉంది.

ఫిబ్రవరి 10, సోమవారం

అక్క కొత్త ఎత్తులన్నీ వేస్తోంది. రంగు సుద్దలు తెచ్చింది. మధ్యమధ్య జోకులు వేస్తోంది. వ్యాపార పవనాల పాఠం మొదలుపెడుతూ, "ఇది వ్యాపార భవనం కదా, ఈ గాలులు మనకే ముందు రావాలి" అందట. ఎవరూ నవ్వలేదట. నవ్వాలంటే ముందు వినాలి కదా.

ఇద్దరు మానేశారు. వీధి చివర ఇంకో చోట చేరారు. అక్కడి సారు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదువుతాడని ఊరంతా తెలుసు.

సాయంత్రం మా ఇంటికి వచ్చింది. చాలాసేపు ఏదేదో మాట్లాడింది. లేచేముందు, చెప్పులేసుకుంటూ, మామూలుగా అన్నట్టు అంది: "ఈ నెలాఖరుకి గది ఖాళీ చేస్తాన్రా. మీ పెద్దాయనకి చెప్పు. నాకు చేతకాదు, అంతే. ఇన్నాళ్లూ చేతనవుతుందనుకోవడమే బాగుండేది. ప్రయత్నం చెయ్యకుండా ఉండాల్సింది."

మా ఆవిడ నావైపు చూసింది. నేను గుమ్మంవైపు చూశాను.

ఫిబ్రవరి 11

గాలి బాగానే ఉంది.

ఫిబ్రవరి 12, బుధవారం

తనిఖీ చేసే ఆవిడ వచ్చింది. నా కూతురి వయసు ఉంటుంది. భుజానికి సంచి, అందులో టీవీ రిమోటంత మీటరు. పెద్ద పెద్ద యంత్రాలు వస్తాయనుకుని నేను నలుగురు పట్టేంత చోటు ఖాళీ చేయించి పెట్టాను.

ముందు వీధిలో నిలబడి కొలిచింది. పది లక్షల పాళ్ల గాలిలో నాలుగు వందల చిల్లర. మనం వదిలే ఊపిరిలో ఉండే కార్బన్ డయాక్సైడట, బయట గాలిలో అంతే ఉంటుందట. తర్వాత ఒక్కో అంతస్తు. కింద అంతస్తు బాగుంది, వీధి తలుపులు రోజంతా తెరుచుకుంటూ ఉంటాయి. రెండు, మూడు పర్వాలేదంది. నేను ఛాతీ విరిచాను.

నాలుగో అంతస్తుకు వెళ్లేసరికి అక్క క్లాసు సగంలో ఉంది. ఆవిడ చప్పుడు చెయ్యకుండా వెనక నిలబడింది. మీటరులో అంకె పెరుగుతూ పెరుగుతూ రెండు వేల ఆరు వందల దగ్గర ఆగింది. ఆవిడ మీటరును ఒకసారి దులిపి మళ్లీ చూసింది. అక్కడే ఉంది.

బయటికి తీసుకొచ్చి మెల్లగా అంది: "సార్, వెయ్యి దాటితేనే గాలి చాలడం లేదని అనుమానించాలి. లోపల ఒకరు వదిలింది ఇంకొకరు పీలుస్తున్నారు."

"చల్లగా ఉందిగా?"

"చల్లగానే ఉంది. చల్లబరిచిందే మళ్లీ చల్లబరుస్తున్నారు. అంతస్తు ఏసీ లోపలి గాలినే తిప్పుతోంది. బయటి గాలి ఎక్కణ్నుంచి రావాలి?"

"పైకప్పు మీద పెద్ద గ్రిల్లు ఉంది. అక్కణ్నుంచి గొట్టం."

"చూపిస్తారా?"

పైకి తీసుకెళ్లాను. ఎండలో ఇద్దరం పైకప్పంతా తిరిగాం. గ్రిల్లు కనిపించలేదు. గొట్టం మాత్రం ఉంది. దాని వెంట వెళ్తే పెద్దాయన పేరున్న బోర్డు దగ్గరికి చేరాం. రాత్రి పూట మూడు వీధుల అవతలికి కూడా వెలుగుతూ కనిపించే బోర్డు. నేను ఉద్యోగంలో చేరకముందే పెట్టారు. గ్రిల్లు దాని వెనకే ఉంది. బోర్డు గోడకు అంటుకుపోయి ఉంది. ముక్కూ నోరూ చెయ్యి పెట్టి మూసినట్టు.

"ఇది మీ సారు పేరా? బాగా పెద్దది" అంది ఆవిడ.

నాలుగో అంతస్తు ఇదివరకు బట్టల గోదాము. అక్కడ నలుగురు పనిచేసేవారు. ఆ నలుగురికి లెక్కగట్టిన గాలి. ఇప్పుడక్కడ నలభైమంది దాకా, ఆ నలుగురి గాలి కూడా లేదు. సరిచెయ్యడానికి నెల రోజులు గడువిచ్చింది. లేకపోతే ఆ అంతస్తులో క్లాసులు నడపకూడదు.

అక్కతో చెప్పాలి. రేపు చెబుతాను.

ఫిబ్రవరి 13

పనులు ఎక్కువగా ఉన్నాయి. లిఫ్టు తలుపు కూడా మొరాయించింది.

ఫిబ్రవరి 14

లిఫ్టు బాగైంది.

మా ఆవిడ అడిగింది: "వదినకి చెప్పారా?"

"చెబుతాను."

"ఎప్పుడు? ఆవిడ సామాను సర్దుకున్నాకా?"

తొమ్మిదేళ్లు ఆ బోర్డును చూశాను. లైటు పోతే నేనే మార్పించాను. దాని వెనక ఏముందో చూడాలనిపించలేదు. అక్కకు చెప్పాలంటే ఇది కూడా చెప్పాలి కదా. అది రాయడానికే కష్టంగా ఉంది.

ఫిబ్రవరి 15, శనివారం

చెప్పాను. నమ్మలేదు!

అన్నీ చెప్పాను. మీటరు, అంకె, గోదాము, బోర్డు. అక్క కూరగాయలు తరుగుతూ తలెత్తకుండా వింది.

"ఓదార్చడానికి వచ్చావా?"

"ఓదార్పు కాదే. కొలిచారు."

"మొన్న కూడా బాగుందన్నావు. గొంతు పెంచమన్నావు. కుర్చీలు జరిపేదాకా గురకపెట్టి పడుకున్నావు. గురక విని ముందు వరుసవాళ్లు లేచారు. నీ పుణ్యమా అని ఇద్దరు మేలుకున్నారు."

"గురకపెట్టానా?"

"ఇప్పుడు గాలి అంటున్నావు. రేపు గోడల రంగు అంటావు. నా మీద జాలి పడకురా, నాకు చిరాకు."

నేను చెప్పిన ఒక చిన్న అబద్ధం నేను చెప్పే పెద్ద నిజానికి అడ్డం కూర్చుంది. ఇంటికి వచ్చాను. మా ఆవిడ నా ముఖం చూసి టీ పెట్టింది.

ఫిబ్రవరి 17, సోమవారం

పెద్దాయన దగ్గరికి వెళ్లాను.

"బోర్డు తియ్యాలండీ."

"ఎందుకు?"

"దాని వెనక నుంచి గాలి రావాలి."

"అంటే నా పేరు తీసి గాలి పెట్టమంటావా?"

"పేరు కిందికి, గుమ్మం మీదికి దించుదామండీ. అందరికీ దగ్గరగా కనిపిస్తుంది."

"దగ్గరికొచ్చినవాళ్లకి నేనెవరో తెలుసయ్యా. దూరాన ఉన్నవాళ్లకి తెలియాలనే పైన పెట్టించింది." కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఆ క్లాసులో పడుకుంటున్నారంటే పాఠం అలాంటిదేమో. నీ అక్కగారని చెప్పలేక, బిల్డింగు మీదికి నెడుతున్నావు."

రెండు వారాల కిందట నేను అనుకున్న మాటే. ఆయన నోటినుంచి వింటే ఒళ్లు మండింది.

"మీరే వచ్చి ఒక గంట కూర్చోండి."

"ఆ, వస్తాను. నాకు పగలు నిద్ర రాదు. పాతికేళ్లుగా రాలేదు."

ఫిబ్రవరి 18, మంగళవారం

ఇది మొత్తం రాయాలి.

పెద్దాయన వచ్చారు. తెల్లచొక్కా, చేతికర్ర. అక్క కంగారు పడింది, కుర్చీ ముందు వరుసలో వేయించింది. సముద్రం, నేల, బాణాలు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. కూర్చుంటే నా సంగతి నాకు తెలుసు.

మొదట ఆయన కర్ర మీద రెండు చేతులూ పెట్టి ఠీవిగా విన్నారు. కాసేపటికి గడ్డం చేతుల మీదికి వచ్చింది. ఇంకాసేపటికి గురక. సన్నగా, ఈలలా మొదలై, లారీ గేరు మార్చినట్టు పెద్దదైంది. క్లాసంతా లేచి కూర్చుంది. మొదట ఒకరు నవ్వారు, తర్వాత అందరూ. అక్క కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

కర్ర జారి కిందపడింది. పెద్దాయన కళ్లు తెరిచి, చుట్టూ చూసి, చప్పట్లు కొట్టారు. "చాలా బాగా చెప్పారమ్మా."

"సగమే చెప్పానండీ" అంది అక్క.

నవ్వులు మళ్లీ. ఆయన ముఖం ఎర్రబడింది. "నేనన్నది ఇదే" అన్నారు నాతో, అందరికీ వినపడేలా. "నిద్రలేని నన్నే నిద్రపుచ్చింది పాఠం. నా పేరు బోర్డు దించక్కర్లేదు."

అక్క నల్లబోర్డు వైపు తిరిగి సుద్ద కింద పెట్టింది. అయిపోయింది అనుకున్నాను. కళ్లు తుడుచుకుంటుందనుకున్నాను.

అక్క ఇటు తిరిగి అంది: "అయ్యా, ఒక్క మాట. ఇదే పాఠం, మొదటినుంచీ, కింద గుమ్మం దగ్గర చెబుతాను. వీధి తలుపులు తెరిచి. మీరు వినండి. అక్కడ కూడా పడుకుంటే తప్పు నాదే. రేపే ఖాళీ చేస్తాను."

నేను కళ్లతో వద్దని సైగ చేశాను. నావైపు చూడలేదు. ఒకవేళ నిజంగానే పాఠం అలాంటిదైతే? ఆ అనుమానం నాలో ఇంకా మిగిలి ఉందని అప్పుడే తెలిసింది. సిగ్గేసింది.

అందరూ కుర్చీలు మోసుకుని కిందికి దిగారు. అక్కడ నల్లబోర్డు లేదు. అక్క నేల మీద సుద్దతోనే సముద్రం గీసింది. వీధి తలుపులు బార్లా తెరిచాను. బయట హారన్లు, ఎవరో కేకలు, దుమ్ము. ఈ గోలలో ఎవరు వింటారు?

విన్నారు. ఒక్కరూ తూగలేదు. ఒకమ్మాయి చెయ్యెత్తి ప్రశ్న అడిగింది. ఆ అమ్మాయి గొంతు అక్క అంతకుముందు వినలేదట. అక్క నేల మీద వంగి బాణాలు వేస్తుంటే లిఫ్టు కోసం వచ్చినవాళ్లు కూడా ఆగిపోయారు. గొంతు పెంచలేదు. పెంచాల్సిన అవసరం ఎప్పుడూ లేదు.

పెద్దాయన కర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని చివరిదాకా కుర్చీలో నిటారుగానే ఉన్నారు. అయిపోయాక అడిగారు: "అయితే ఏమ్మా, రాత్రిపూట గాలి అటునుంచి ఇటు ఎందుకు తిరుగుతుంది?"

"రాత్రికి నేల త్వరగా చల్లారుతుందండీ. సముద్రం ఇంకా వెచ్చగా ఉంటుంది. అందుకని గాలి నేల మీదినుంచి సముద్రం మీదికి."

"ఓహో." నావైపు చూడకుండానే అన్నారు: "ఆ బోర్డు దించడానికి క్రేన్ కావాలేమో కనుక్కో."

ఫిబ్రవరి 22, శనివారం

బోర్డు దిగింది. గ్రిల్లు మీద దుమ్ము పరుపులా పేరుకుంది. దాని సందుల్లో పావురాలు కాపురం పెట్టాయి. వాటికి బోర్డు చాటు బాగా నచ్చినట్టుంది. గుడ్లు లేవు, బతికిపోయాను. లేకపోతే మా ఆవిడ గడువు పెంచమనేది.

ఫిబ్రవరి 25

గాలి వచ్చింది. దాంతో వేడి కూడా వచ్చింది.

ఇది ముందే ఆలోచించాల్సింది. బయటి గాలిని చల్లబరచడానికి ఏసీకి బలం చాలడం లేదు. మూడో అంతస్తువాళ్లు వచ్చి "సార్, మాకు చెమటలు" అంటున్నారు. నాలుగో అంతస్తులో అందరూ మేలుకున్నారు గానీ అందరూ విసనకర్రల్లా నోటుబుక్కులు ఊపుతున్నారట. "పాఠం చెబుతుంటే ఎదురుగా పావురాలు రెక్కలు కొడుతున్నట్టుంది" అంది అక్క. నవ్వుతూనే అంది.

గ్రిల్లు మళ్లీ మూసేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. పాత అలవాటు. మూసెయ్యలేదు.

మార్చి 1

తనిఖీ ఆవిడకు ఫోన్ చేశాను. తెలియనిది తెలియదని చెప్పడం ఇంత తేలికని తెలిస్తే ఎప్పుడో చేసేవాణ్ని. తలా ఇంత అని లెక్కగట్టి పంపాలి గానీ, రోజంతా అన్ని అంతస్తులకూ ఒకేలా పంపక్కర్లేదంది. నాలుగో అంతస్తుకు విడిగా ఒక ఫ్యాను, ఫిల్టరు. మనుషులు ఉన్నప్పుడే ఎక్కువ గాలి, ఖాళీగా ఉన్నప్పుడు తక్కువ. ఇక నలభైమందిని ఒకేసారి కూర్చోబెట్టొద్దంది.

అక్కతో చెప్పాను. వెంటనే ఒప్పుకుంది. "రెండు బ్యాచీలు చేస్తాను. ఎలాగూ వీధి చివరికి వెళ్లినవాళ్లిద్దరూ మళ్లీ వస్తామంటున్నారు."

ఈసారి నా మాట నమ్మింది. అది రాసుకోవాలనిపించింది.

మార్చి 12, బుధవారం

మీటరు మళ్లీ వచ్చింది. పాఠం మధ్యలో, ఒక బ్యాచీ మొత్తం కూర్చుని ఉండగా, ఎనిమిది వందల యాభై. ఆవిడ సంతకం పెట్టి వెళ్తూ, "మీ బిల్డింగు ఇప్పుడు ఊపిరి పీలుస్తోంది సార్" అంది. నేను కళ్లు తుడుచుకున్నాను. దుమ్మే అయ్యుంటుంది. కొత్త ఫిల్టరు కదా.

పెద్దాయన పేరు ఇప్పుడు గుమ్మం మీద ఉంది. లోపలికి వచ్చేవాళ్లందరి కంటా పడుతోందని ఆయనకూ నచ్చింది. దించాలన్న ఆలోచన తనదేనని అందరికీ చెబుతున్నారు. నేను కాదనలేదు.

మార్చి 13, గురువారం

అక్క క్లాసు మధ్యలోంచే కిందికి వచ్చింది. పరుగున. నేను కుర్చీలోంచి లేచాను.

"ఏమైంది? ఎవరైనా పడిపోయారా?"

"ఎవరూ పడిపోలేదు, అదే బాధ! అందరూ మేలుకుని నన్నే చూస్తున్నార్రా. కనురెప్ప వెయ్యకుండా. ఒకబ్బాయి లేచి అడిగాడు, భూమి ఇంత వేగంగా తిరుగుతుంటే గాలి ఎందుకు వెనకపడిపోదు అని. నాకు సమాధానం సరిగ్గా రాలేదు. ఒక్క నిమిషం అని చెప్పి వచ్చేశాను."

"మరి ఇక్కడికెందుకొచ్చావు? నాకు తెలుసనా?"

"నీకేం తెలుసు? నీ గదిలో కూర్చుంటే కాస్త ధైర్యంగా ఉంటుందని."

కూర్చుంది. మంచినీళ్లు తాగింది. ముఖమంతా చెమట, కళ్లు మాత్రం వెలిగిపోతున్నాయి. ఎప్పుడో స్కూల్లో నాటకం వేసి, పరదా వెనక్కి పరుగెత్తుకొచ్చిన రోజున చూశాను ఆ ముఖం.

"తెలియదు, రేపు చదువుకొచ్చి చెబుతానని చెప్పెయ్" అన్నాను.

"నవ్వరూ?"

"నవ్వినా మేలుకునే నవ్వుతారు."

లేచింది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

"రేపు నువ్వొచ్చి వెనక కూర్చో. సమాధానం సరిగ్గా చెప్పానో లేదో చూడు."

వస్తానన్నాను. వెళ్లాలి. కానీ ఒకటే భయం. ఇప్పుడు ఆ గదిలో గాలికి లోటు లేదు. రేపు నాకు నిద్ర వచ్చిందంటే, చెప్పుకోవడానికి ఏ కారణమూ మిగల్లేదు.